మీటరు దాటితే దిక్కెవరు?

బల్బు, ఫ్యాను కోసం వేసిన తీగల మీద ఇప్పుడు ఏసీలు, గీజర్లు నడుస్తున్నాయి. వాటిని మార్చాల్సిన పూచీ మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు

2025 మే 18, ఆదివారం ఉదయం. హైదరాబాద్‌లో చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనానికి నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన కాపురాలు. లోపలికి వెళ్లడానికైనా బయటికి రావడానికైనా ఇరుకైన దారి ఒక్కటే. పొగలో చిక్కుకుని 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. ప్రాథమిక దర్యాప్తు షార్ట్ సర్క్యూట్ వైపు వేలు చూపింది.

ఆ తర్వాత చర్చంతా మెట్ల వెడల్పు, సందుల్లోకి దూరలేని ఫైరింజన్లు, కిటికీలు లేని గదుల చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. కానీ మంట ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న మాత్రం ‘షార్ట్ సర్క్యూట్’ అనే రెండు మాటల దగ్గర ఆగిపోయింది. మన దగ్గర ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని స్టీఫెన్ కోర్ట్ 2010 మార్చిలో తగలబడి 43 మంది చనిపోయినప్పుడూ, 2019 డిసెంబర్‌లో ఢిల్లీ అనాజ్ మండీలోని కార్ఖానాలో నిద్రపోతున్న కూలీలు 43 మంది చనిపోయినప్పుడూ వినిపించిన మాట ఇదే. పిడుగు పడిందన్నంత తేలిగ్గా ఆ మాట వాడేస్తారు. పిడుగుకు ముందస్తు కారణాలు ఉండవు. షార్ట్ సర్క్యూట్‌కు ఉంటాయి. చాలాసార్లు అవి పాతికేళ్లుగా గోడల్లో పోగుపడుతూ వచ్చినవే.

ఇక మంటలు లేకుండా, కేవలం షాక్ కొట్టి పోయే ప్రాణాలు వేరే లెక్క. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం 2019, 2020, 2021 సంవత్సరాల్లో ఏ ఒక్క ఏడాదీ విద్యుదాఘాతం మృతుల సంఖ్య 12 వేలకు తగ్గలేదు. పొలాల్లో మోటార్ల దగ్గర, తెగిపడిన లైన్ల కింద పోయినవారూ అందులో ఉన్నారు. బాత్రూంలో గీజరు ముట్టుకున్నవారు, దండెం మీద తడి బట్టలు ఆరేయబోయినవారూ ఉన్నారు.

పొరలు పొరలుగా

నిజాం ప్రభుత్వం హైదరాబాద్‌లో విద్యుత్ శాఖను 1910లో పెట్టింది. అంటే ఈ నగరంలో కరెంటుకు శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. పాత ఇళ్ల గోడలు చూస్తే ఆ చరిత్ర పొరలుపొరలుగా కనిపిస్తుంది. మొదటి తరం తీగ టిన్ను పూత పూసిన రాగి, దాని మీద రబ్బరు తొడుగు, ఆపైన నూలు అల్లిక. తర్వాత టేకు బద్దల మీద రేకు క్లిప్పులు కొట్టి పరిచిన నల్ల రబ్బరు కేబుల్ వచ్చింది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో, సికింద్రాబాద్ పాత బంగళాల్లో దూలాల వెంట వంకర లేకుండా సాగిపోయే ఆ బద్దలు చూడముచ్చటగా ఉంటాయి. ఆనాటి పనివాడి నైపుణ్యాన్ని మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా రబ్బరుతోనే. దానికి ఆయుష్షు ఉంది. పాతిక ముప్ఫయ్యేళ్లకు ఎండి, పెళుసెక్కి, ఫ్యాను మార్చడానికి తీగను కాస్త వంచితే చాలు, పొట్టులా రాలిపోతుంది. ముట్టుకోనంత కాలం బాగానే ఉన్నట్టు కనిపించడమే దానితో వచ్చే ప్రమాదం.

1960, 70 దశకాల్లో మరో పొర చేరింది. రాగిని దిగుమతి చేసుకునేందుకు విదేశీ మారకద్రవ్యం చాలక దేశం అల్యూమినియం వైపు మొగ్గింది. ఇళ్లలోకీ అల్యూమినియం తీగలే వచ్చాయి. తీగ మధ్యలో దానితో పేచీ లేదు. పేచీ అంతా స్విచ్‌బోర్డులో స్క్రూ కింద బిగించిన చోట. గాలి తగిలితే ఆ లోహం మీద కరెంటును అడ్డుకునే పొర పేరుకుంటుంది. వేడెక్కి చల్లారుతున్న కొద్దీ స్క్రూ కింద తీగ నలిగి వదులవుతుంది. వదులైన చోట మళ్లీ వేడి పుడుతుంది. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ, బోర్డులోంచి చిటపటలు, కాలిన ప్లాస్టిక్ వాసన... ఇవన్నీ అక్కడినుంచి వచ్చే హెచ్చరికలే.

ఈ తీగలను ఏ అవసరానికి లెక్కగట్టి వేశారో ఒకసారి చూడాలి. 1970లో మధ్యతరగతి ఇంట్లో నాలుగు 60 వాట్ల బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా 500 వాట్లకు లోపే, అంటే సుమారు 2 యాంపియర్లు. ఇప్పుడు అదే ఇంట్లో టన్నున్నర ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు, గీజరు 2 కిలోవాట్లు, ఇండక్షన్ స్టవ్ 2 కిలోవాట్లు, మిక్సీ ముప్పావు కిలోవాటు. మొత్తం 6 కిలోవాట్లు దాటి, 27 యాంపియర్ల దాకా వస్తుంది. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరిగేదైతే కొంత నయం. అది వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఇప్పటి పీవీసీ తొడుగు నిరంతరం తట్టుకోగలిగేది 70 డిగ్రీలే. మే నెలలో బెజవాడలోనో రామగుండంలోనో బయట వాతావరణమే 45 డిగ్రీలు ఉంటే, తీగ తన సొంత వేడి కోసం మిగుల్చుకునే జాగా ఎంతో ఎవరైనా లెక్క కట్టవచ్చు. ఏసీలు ఆగకుండా తిరిగే రోజులూ అవే.

ఫ్యూజు మీద పెత్తనం

పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజు ఉంటుంది. పని దొంగ కాదు పాపం. లోడు మించితే లోపలి సన్నతీగ కరిగి, ఇంటి తీగను కాపాడాలి. కానీ మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే ఇంట్లోవాళ్లకు చిరాకు. కరెంటు పనివాడు రెండు మూడు పోగులు మెలితిప్పి మందపు తీగ పెడతాడు. ‘ఇక పోదు’ అంటాడు. నిజమే, ఇక ఫ్యూజు పోదు, గోడలో తీగ పోతుంది.

ఫ్యూజు తీసేసి ఎంసీబీ పెట్టించుకుంటే అంతా బాగుపడినట్టేనన్న భ్రమ ఇప్పుడు ఎక్కువైంది. ఎంసీబీ కాపాడాల్సింది ఏసీని కాదు, దాని వెనకున్న తీగను. ఒక చదరపు మిల్లీమీటరు పాత తీగ మీద ఏసీ కోసమని 32 యాంపియర్ల ఎంసీబీ బిగిస్తే, అది పడిపోయే లోపే తీగ కాలిపోతుంది. తరచూ పడిపోతోందని పెద్ద ఎంసీబీ మార్చడమంటే, మందపు ఫ్యూజు తీగ కథనే కొత్త డబ్బాలో చెప్పడం.

అసలు ఉపకారం చేసేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ యాంపియర్లు ఎటైనా జారిపోతే, అంటే మనిషి ఒంటి గుండానో తడిగోడ గుండానో నేలకు పోతుంటే, కళ్లు మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. పాత వైరింగు అసలు రంగు బయటపడేది కూడా ఇక్కడే. దాన్ని బిగించిన రోజు నుంచీ పడిపోతూనే ఉంటుంది. ఎక్కడో తొడుగు రాలిన తీగ గోడకు తగులుతోంది, లేదా ఒక గది న్యూట్రల్‌ను ఇంకో గది వాడుకుంటోంది. పరికరం చెబుతున్నది నిజమే. కానీ చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, జబ్బు వెతకకుండా థర్మామీటరు తీసి పారేసినట్టు ఆర్‌సీసీబీని బైపాస్ చేసేస్తారు.

ఎర్తింగ్ సంగతి మరీ అన్యాయం. రెండు తీగల కాలంలో కట్టిన ఇళ్లలో మూడో తీగే లేదు. ఫ్రిజ్ కొన్నాక మూడు రంధ్రాల ప్లగ్గు బిగించారు, పై రంధ్రం వెనక ఏమీ లేదు. ఇంకొందరు ‘తెలివైన’ పనివాళ్లు ఆ రంధ్రాన్ని న్యూట్రల్‌తో కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున వాషింగ్ మెషిన్ ఒళ్లంతా ఫేజే. ఇది ఎర్త్ లేకపోవడం కన్నా ఘోరం.

చట్టం గేటు దగ్గరే

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు నిబంధనలు లేవా? ఉన్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు 2023లో కొత్త రూపు దాల్చాయి. బల్బో స్విచ్చో మార్చడం లాంటి చిన్న పనులు మినహా వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. ఇళ్లకూ లీకేజీ రక్షణ పరికరాలు 30 మిల్లీ యాంపియర్లకు మించకూడదు. తీగల తొడుగు గట్టిదనం కొలిచే పరీక్షలో 500 వోల్టుల దగ్గర కనీసం ఒక మెగోమ్ రావాలి. వైర్లకు, కేబుళ్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2003లోనే ఉత్తర్వు వచ్చింది. కాగితం మీద లోటేమీ లేదు.

లోటు ఎక్కడంటే, నిర్ణీత కాలానికోసారి చేయాల్సిన తనిఖీ దగ్గర. నిబంధనలు తనిఖీ ఉండాలనే అంటాయి. కానీ ఇళ్ల లాంటి తక్కువ వోల్టేజీ కనెక్షన్లకు యజమానే పరీక్షించి, తానే ధ్రువీకరించుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. ఆచరణలో దానర్థం ఎవరూ చూడరని. మీటరు దాకా డిస్కం ఆస్తి. మీటరు దాటాక ఇంటాయన ఇష్టం. లైన్‌మన్ వస్తాడు, మీటరు చూస్తాడు, వెళ్లిపోతాడు. ‘అదనపు లోడు’ కట్టమని నోటీసు వస్తుంది, కడతాం. డిస్కం పుస్తకంలో లోడు పెరుగుతుంది. గోడలోని తీగ మందం పెరగదు.

ప్రభుత్వాల డబ్బు కూడా మీటరు దగ్గరే ఆగుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం విలువ 3.03 లక్షల కోట్ల రూపాయలు. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్మార్ట్ మీటర్లు, అన్నీ ఈ పక్కనే. 2024 మార్చి నుంచి తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అమల్లోకి వచ్చింది. అదే ఏడాది కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్ల సౌర పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. యూనిట్టు మీద రాయితీ, పలక మీద రాయితీ. పేదవాడి ఇంట్లో కుళ్లిన తీగ మార్చుకోవడానికి, ఒక ఎర్త్ పిట్ తవ్వించుకోవడానికి ఆ స్థాయి పథకం ఒక్కటీ కనిపించదు. ఓటరుకు బిల్లు నెలనెలా కనిపిస్తుంది, గోడలోని తీగ కనిపించదు. రాజకీయంగా ఇది అర్థం చేసుకోలేనిదేమీ కాదు, క్షమించదగిందీ కాదు.

గాడి కొట్టాలంటే గుండె కావాలి

యజమాని పూనుకున్నా పని సులువు కాదు. డంగు సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడకు గాడి కొడితే మూరెడు పెచ్చు ఊడి వస్తుంది. మద్రాసు మిద్దె దూలాల మధ్య పైపు దాచే చోటే లేదు. అలాంటి ఇళ్లకు పీవీసీ పట్టీల్లో గోడ పైనుంచే తీగలు నడిపించడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. అందం కొంచెం తగ్గుతుంది, మరమ్మతు తేలికవుతుంది. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేనివారికి ఒక వరుస ఉంది. ముందు ఎర్త్ పిట్, మెయిన్ బోర్డు, ఆర్‌సీసీబీ. తర్వాత ఏసీకి, గీజరుకు, వంటింటికి బోర్డు నుంచి నేరుగా విడివిడి లైన్లు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో. పాత తీగల మీద లైట్లు, ఫ్యాన్లు మాత్రమే మిగులుతాయి కాబట్టి వాటి మీద భారం తగ్గుతుంది. పడగ్గదులు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. అయితే రబ్బరు తొడుగు తీగలున్న ఇంటికి ఈ వాయిదా వర్తించదు. పని మొదలుపెట్టే ముందు మెగ్గర్‌తో పరీక్షించమని అడగాలి. ఆ పరికరం పేరు వినని పనివాడు వస్తే వైర్‌మన్ పర్మిట్ చూపించమనడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇదంతా సొంత ఇల్లున్నవారి సంగతి. అద్దె ఇళ్లలో కథ వేరు. తీగ యజమానిది, ఏసీ అద్దెదారుది, ప్రాణం కూడా అద్దెదారుదే. ముంబైలో 1947 నాటి అద్దె చట్టం అద్దెలను దశాబ్దాల పాటు కదలనివ్వలేదు. చేతికొచ్చే అద్దె నామమాత్రమైనప్పుడు ఏ యజమానీ వైరింగు మార్చడు. 1969లో మరమ్మతు సుంకం కింద చేర్చినప్పుడు దక్షిణ ముంబైలో అలాంటి పాత భవనాలు 19,642 ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడల్లో అద్దెలు అలా స్తంభించలేదు, ఏటా పెరుగుతూనే ఉన్నాయి. అయినా ఇక్కడి యజమాని కూడా సున్నం వేయిస్తాడు గానీ తీగ ముట్టుకోడు. కాబట్టి తప్పంతా అద్దె చట్టం మీద నెట్టే వాదన సగమే నిజం.

ఇంగ్లండ్‌లో 2020లో ఒక నిబంధన తెచ్చారు. అద్దెకిచ్చే ప్రతి ఇంటి వైరింగునూ కనీసం ఐదేళ్లకోసారి అర్హులతో పరీక్షింపజేసి, ఆ నివేదిక ప్రతిని అద్దెదారుకు ఇవ్వాలి. మన దగ్గర కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అంత దూరం పోలేదు గానీ, దాని రెండో షెడ్యూల్ ఒక మంచి పని చేసింది. ఇంటి లోపలి, బయటి వైరింగు యజమాని బాధ్యత అని, స్విచ్చులు, సాకెట్ల మరమ్మతు అద్దెదారుడి పని అని విడగొట్టి రాసింది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టాల్లో చేర్చుకుంటేనే దానికి బలం.

ఈలోగా జిరాక్సు సెంటర్లలో దొరికే పదకొండు నెలల అద్దె ఒప్పందాలు యథాతథంగా నడుస్తున్నాయి. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, గీజరు పనిచేస్తోందా అన్నది జాబితాగా రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకు కొట్టినందుకు అడ్వాన్సులో కోత ఎంతో కూడా రాస్తారు. ఎర్త్ ఉందా, వైరింగు ఏ సంవత్సరం నాటిది అన్న గడి మాత్రం ఇంకా ఆ కాగితంలో చేరలేదు.