అనంతగిరి ఎరుపు, తాండూరు బూడిద: చిన్న స్కెచ్ నుంచి పెద్ద దృశ్యచిత్రం

డిజిటల్ తెరపై ప్రకృతి దృశ్యాన్ని చిత్రించేటప్పుడు ముఖ్యమైన నిర్ణయాలన్నీ అరచేతిలో ఇమిడే మొదటి స్కెచ్‌లోనే జరిగిపోతాయి. తరువాత గంటల తరబడి చేర్చే వివరాలు ఆ నిర్ణయాలను బలపరచాలే గాని చెరపకూడదు. దీన్ని తెలుసుకోవడానికి వికారాబాద్ జిల్లా చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే మూసీ నది పుట్టే అనంతగిరి అడవికీ, తాండూరు నాపరాతి గనులకూ రూపంలో ఎక్కడా పొంతన లేదు.

అనంతగిరికి స్కెచ్ వేసేవారు మొదట చెట్ల జోలికి పోరు. ముదురు, నడిమి, లేత అనే మూడు ఛాయలతోనే ముందున్న ఎర్ర గట్టును, నడుమ అడవిని, వెనుక కొండల వరుసను, ఆకాశాన్ని పెద్ద పెద్ద ఆకారాలుగా పేర్చి, చూపు ఎక్కడ నిలవాలో తేల్చుకుంటారు. ఈ పద్ధతి కంప్యూటరుతో పుట్టింది కాదు. ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 19వ శతాబ్దంలోనే తన ఆరడుగుల చిత్రాలకు ముందు నూనెరంగులతో స్కెచ్‌లు వేసుకునేవాడు. ఇక డిజిటల్ తెర విషయానికొస్తే, మరో ఆంగ్ల చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2011లో యార్క్‌షైర్ వసంతాన్ని ఐప్యాడ్‌పై గీసి, పెద్ద కాగితాలపై అచ్చు వేయించాడు.

తెరపై బొమ్మ పిక్సెళ్లతో, అంటే చిన్న చిన్న రంగు గళ్లతో ఏర్పడుతుంది. 400 పిక్సెళ్ల వెడల్పున్న స్కెచ్‌ను 4,000కు పెంచితే కొత్త వివరమేదీ పుట్టదు, అంచులు మసకబారతాయి. అందువల్ల దాన్ని అడుగున ఉంచి, దానిపై లేయర్లు, అంటే విడివిడిగా దిద్దుకోగల పారదర్శకమైన పొరలు పరచి, పెద్ద బ్రష్‌తో మొదలుపెట్టి క్రమంగా సన్నని బ్రష్‌కు రావాలి.

అనంతగిరి గట్ల ఎరుపు లాటరైట్ నేలలోని ఇనుము ఆక్సైడ్ల వల్ల వచ్చింది. లాటరైట్ రాయి నున్నగా ఉండదు, సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటుంది. వానకు తడిస్తే ముదురు గోధుమలోకి దిగుతుంది. కాబట్టి దాని నీడకు నలుపు కలిపితే రాయి చచ్చిపోతుంది, ముదురు ఎరుపులో కొంత ఊదా కలిపితే నిలుస్తుంది. గాలిలోని కణాలు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల దూరపు కొండలు నీలంగా, లేతగా కనిపిస్తాయి. దూరపు అడవికీ దగ్గరి ఆకుకూ ఒకే పచ్చ పూయడం కొత్తవారిలో తరచూ కనిపించే లోపం, అది ఒక్కటి చాలు దృశ్యంలోని లోతంతా పోవడానికి.

తాండూరులో లెక్క వేరు. ఇక్కడి సున్నపురాయి పొరలు పొరలుగా, దాదాపు సమతలంగా పరుచుకొని ఉండటం వల్లనే నాపలుగా విడివడుతుంది; గని గోడలు మెట్లలా దిగుతాయి. ఆ అడ్డగీతలన్నీ క్షితిజరేఖకు, అంటే కంటి ఎత్తున ఊహించుకునే గీతకు లోబడకపోతే ఎంత నైపుణ్యంతో పూసిన రంగైనా గనిని నిలబెట్టలేదు. రాళ్ల ముద్రలున్న రెడీమేడ్ బ్రష్‌తో వ్యర్థపు కుప్పలను నింపేస్తే ఒకే రాయి పదిసార్లు కనిపిస్తుంది, గని చూసినవారు ఇట్టే పట్టేస్తారు. నీలి బూడిద, పసుపు బూడిద నాపలకు అవతల నల్లరేగడి చేలలో కంది పూతకు వస్తుంది; 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి చిత్రంలో కొన్ని పసుపు చుక్కలు చాలు.

వివరమంతా చూపు నిలిచే చోటనే పెట్టి, తక్కిన చోట్ల అంచులను వదులుగా విడిచిపెట్టడం ఉత్తమం. మధ్యమధ్య చిత్రాన్ని ఎడమ కుడులు తిప్పి చూస్తే వంకరలు బయటపడతాయి. దాన్ని తిరిగి మొదటి స్కెచ్ పరిమాణానికి కుదించి పక్కన పెట్టి చూసినప్పుడు అవే మూడు ఛాయలు అవే చోట్ల కనిపించకపోతే, వివరం హద్దు దాటిందన్న మాట.

క్రీటా వంటి చిత్రలేఖన సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతున్నందున, నేర్చుకోదలచినవారు శ్రావణంలో అనంతగిరిని, కార్తీకంలో తాండూరు చేలను స్వయంగా చూసి, ఫొటో తీయడానికి ముందే మూడు ఛాయల స్కెచ్ వేసుకోవాలి.