పేడ పొలానికి, మిగిలిన అన్నం పొయ్యికి



ప్రకృతి వ్యవసాయంలో దిగినవాళ్లకి పేడ ఎప్పుడూ చాలదు. నాటు ఆవు రోజుకి సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలిపితే ఆ 10 కిలోలూ అయిపోతాయి. ఘనజీవామృతానికైతే ఎకరాకి ఇంకో 100 కిలోలు కావాలి. ఇక గోబర్ గ్యాస్ ఎక్కడ పెట్టుకుంటాం? 2 ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజూ 50 కిలోల దాకా పేడ పోయాలి. ఒకటి రెండు ఆవులున్న ఇంట్లో అది అయ్యే పని కాదు.

ఈ చిక్కుకి దారి చూపింది పుణెలోని ఒక స్వచ్ఛంద సంస్థ. పేరు అప్రోప్రియేట్ రూరల్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్, పొట్టిగా ఆర్టి. 1996లో మొదలైంది. దీన్ని నడిపించిన డాక్టర్ ఆనంద్ కర్వే వృక్షశాస్త్రవేత్త. చెరకు ఆకు పొలంలో తగలబెట్టకుండా బొగ్గు చేసే పద్ధతికి 2002లో, చిన్న బయోగ్యాస్ ప్లాంటుకి 2006లో ఈ సంస్థకి ఆష్‌డెన్ అవార్డులు వచ్చాయి.

కర్వే గారి ఆలోచన చాలా సింపుల్. గ్యాస్ చేసేది పేడ కాదు, పేడలో ఉండే సూక్ష్మజీవులు. మేతలో సారమంతా ఆవు తీసుకున్నాక మిగిలిందే పేడ. అందుకే దాని నుంచి గ్యాస్ తక్కువ, టైమ్ ఎక్కువ. అదే సూక్ష్మజీవులకి నేరుగా పిండి పదార్థం పెడితే? ఆర్టి లెక్క ప్రకారం 40 కిలోల పేడ 40 రోజుల్లో ఇచ్చే గ్యాస్, 2 కిలోల పిండి పదార్థం ఒక్క రోజులో ఇస్తుంది.

ప్లాంటు కట్టడం కూడా కష్టం కాదు. 1000 లీటర్ల ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు పైభాగం కోసేసి, అందులో 750 లీటర్ల ట్యాంకు బోర్లిస్తారు. గ్యాస్ నిండితే పైది లేస్తుంది, వాడితే దిగుతుంది. మొదట్లో ఒక్కసారి పేడ నీళ్లు పోసి సూక్ష్మజీవుల్ని పెంచాలి. తర్వాత మిగిలిన అన్నం, గంజి, పురుగు పట్టిన ధాన్యం, పాడైన పండ్లు, గెల కోశాక తవ్వి తీసిన అరటి దుంపలు, అన్నీ మెత్తగా చేసి నీళ్లతో పోయొచ్చు. కలుపు తీసినప్పుడు వచ్చే తుంగ గడ్డలు కూడా పనికొస్తాయి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు:

- మేత కొద్దికొద్దిగా పెంచాలి. ఒకేసారి ఎక్కువ పోస్తే లోపల పులిసి గ్యాస్ మండదు. అలా అయితే కొన్ని రోజులు మేత ఆపండి.
- రెండు ట్యాంకుల మధ్య సందులో దోమలు చేరతాయి, కొంచెం వాసన వస్తుంది. వల కట్టండి.
- చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది.
- పేడ ప్లాంటులా బోలెడు స్లర్రీ రాదు. వచ్చిన కాస్త నీటిని మేత కలపడానికి మళ్లీ వాడుకోవచ్చు, లేదా మొక్కలకి పోయొచ్చు.

ఇంకో మాట. ఆ 2 కిలోలు పొడి పిండి లెక్క. అన్నంలో, పండ్లలో నీళ్లే ఎక్కువ కాబట్టి అవి ఇంకా ఎక్కువ పడతాయి. సిలిండర్ పూర్తిగా మానేస్తామని ఆశ పెట్టుకోకండి. సగం తగ్గినా లాభమే కదా.

ట్యాంకులు కొనే ముందు ఒక వారం పాటు మీ ఇంట్లో, పొలంలో రోజూ వృథా అయ్యేది తూకం వేసి రాసుకోండి. పశువులు, కోళ్లు తినేది అందులోంచి తీసేయండి. తర్వాత కూడా రోజూ నాలుగైదు కిలోలు మిగిలితే ప్లాంటు గురించి ఆలోచించండి. మిగలకపోతే ఆ డబ్బు ఇంకో ఆవు మీద పెట్టడమే మేలు.