వార్డెన్ సంతకం

అరకులో ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదువుకుంటున్నావు కదా తల్లీ, ఈ సంగతి నీకు తెలియాలి. మనలాంటి కొండ పల్లెల పిల్లలకే, భద్రాచలం వైపు జరిగింది.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేయించాయి.

ఆ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. టీకాలో మాత్రం వైరస్ ఉండదు, దాని పైపొర ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. పల్పర్లో పడి గింజ వదిలేసిన కాఫీ పండు తొక్క ఎంత నాటినా మొలవదు చూడు, ఇదీ అంతే. కానీ ఒంట్లోని రక్షణ కణాలు ఆ పొరను ఆనవాలు పట్టి, అసలు వైరస్ వస్తే అడ్డుకుంటాయి. మంచి టీకా. నీకు వేయిస్తామంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

ఖమ్మంలో ఐదుగురు, ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌లోని వడోదరలో ఇద్దరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. నీట మునగడం, పాము కాటు, మలేరియా వంటివి కారణాలనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణ సంఘం చెప్పింది. అయితే అదే విచారణలో సమ్మతి పత్రాలు బయటికొచ్చాయి. 9,543 పత్రాల్లో 2,763 మీద ఉన్నది హాస్టల్ వార్డెన్ల సంతకం. మరో 1,948 మీద వేలిముద్రలు. కన్నవాళ్లు ఊళ్లో పోడు చేసుకుంటుంటే, వాళ్ల బిడ్డ ఒంటికి సంబంధించిన మాట వార్డెన్ ఇచ్చేశాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఇది మందు ప్రయోగం కాదు, అనుమతి ఉన్న టీకాపై అధ్యయనమేనని పాత్ వాదించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వాదన ఒప్పుకోలేదు. తగవంతా అక్కడే ఉంది. ప్రయోగమని తేలితే దుష్ఫలితాల లెక్క, వైద్యం, పరిహారం నడిపినవాళ్ల మెడకు చుట్టుకుంటాయి. ఈ వ్యవహారంపై కల్పనా మెహతా తదితరులు వేసిన కేసులోనే, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు చూడవచ్చని 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఆ తర్వాత 2019లో మందుల ప్రయోగాలకు కొత్త నియమాలు వచ్చాయి. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాల్సింది దాన్ని చేయించినవాళ్లే. మీ అమ్మకు అర్థమయ్యే భాషలో అంతా వివరించాకే సంతకం అడగాలి. నీ ఒప్పుకోలు కూడా తీసుకోవాలి.