అరిగిపోయే ‘కాదు’

జపనీస్ వాక్యాన్ని చివరిదాకా వింటేగాని అవునో కాదో తేలదు. క్రియ చివర వస్తుంది, నిరాకరణ ఆ క్రియకే అతుక్కుంటుంది: ‘తబెరు’ అంటే తింటాను, ‘తబెనై’ అంటే తినను. తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. అయితే గట్టిగా కాదనాలనుకుంటే జపనీయులు చివరిదాకా ఆగరు. ‘కెష్షితె’ అని ముందే అనేస్తారు. ఆ మాట చెవిన పడగానే వాక్యం ‘నై’తో ముగియబోతోందని వినేవారికి తెలిసిపోతుంది.

ఇంకో దారి మనకు మరీ దగ్గరిది. ‘దరె’ అంటే ఎవరు, ‘మొ’ అంటే కూడా. ‘దరె మొ కొనై’ అంటే ఎవరూ రారు. మనం దీర్ఘంతో చేసే పనిని వాళ్లు ‘మొ’తో చేస్తారు. ‘ఇచియెన్ మొ నై’ అన్నా అంతే: ఒక్క యెన్ కూడా లేదు. అక్కడ అన్నిటికన్నా చిన్న నాణెం అదే. అదే లేదంటే పదీ లేదు, వందా లేదు. అట్టడుగు మెట్టు తీసేస్తే పైవన్నీ వాటంతట అవే పోతాయి. వ్యాకరణంలో నాకు ఎంతో అందంగా తోచే తర్కమిది. దీన్నిబట్టి రెండు భాషలకూ చుట్టరికం కలపకూడదు సుమా. చాలా భాషలు ఈ తర్కాన్నే ఆశ్రయించాయి.

ఒసాకా వైపు వెళ్తే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒత్తి చెప్పడానికి జపనీస్‌లో క్రియను విడగొట్టి మధ్యలో ‘వ’ పెడతారు: ‘తబె వ షినై’, తినడం మాత్రం చెయ్యను. పశ్చిమ జపాన్‌లో ఇదే ‘తబె వ సెను’. నోళ్లలో నలిగి అది ‘తబెయసెన్’, ‘తబెయహెన్’, చివరికి ‘తబెహెన్’ అయింది. ‘స’ ‘హ’గా మారడం అక్కడ మామూలే, పేరు చివరి ‘సాన్’ కూడా ‘హాన్’ అవుతుంది. మాటతోపాటు ఒత్తిడీ అరిగిపోయింది. ఇప్పుడు ఒసాకాలో ‘తబెహెన్’ అంటే ఉత్త ‘తినను’, అంతే. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ 1917లో యూరప్ భాషల్లో ఇలాంటి అరుగుదలనే వివరించాడు: నిరాకరణ పలచబడితే జనం బలం కోసం ఇంకో మాట తోడు తెస్తారు, కొన్నాళ్లకు ఆ తోడుమాటే మామూలు నిరాకరణ అయి కూర్చుంటుంది.

తోడుమాటలు పక్షం కూడా మారుస్తాయి. ‘తొతెమొ’ ఒకప్పుడు ‘ఎంతమాత్రమూ’ కుదరదనడానికే ఎక్కువగా వాడేవారు. నేడు దాని మామూలు అర్థం ‘చాలా’. టోక్యోలో ఈ కొత్త వాడుక కొద్ది ఏళ్ల కిందటే మొదలైందని రచయిత అకుతగవ ర్యూనోసుకె సుమారు వందేళ్ల కిందట రాశాడు. ‘ఏమాత్రం’ అనే అర్థమున్న ‘జెన్‌జెన్’ పక్కన నిరాకరణే ఉండాలని పట్టుబట్టేవారు నేటికీ ఉన్నారు. కుర్రకారు ‘జెన్‌జెన్ దైజోబు’, అంటే ‘బ్రహ్మాండంగా ఉంది, ఫర్వాలేదు’ అంటే తప్పుపడతారు. కానీ నత్సుమె సోసెకి 1906లో రాసిన ‘బొచ్చన్’ నవలలోనే ‘జెన్‌జెన్’ నిరాకరణ లేకుండా కనిపిస్తుంది. ఆ పట్టుదల బలపడింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.