చలికాలంలో ట్రౌట్ చేప: గాలం ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు

బర్ దుబాయ్‌లో నవంబర్ వచ్చిందంటే గాలాలు బయటికొస్తాయి. ఎండ తగ్గి, నీళ్ళ ఒడ్డున నిలబడగలిగే నెలలు ఇవే. ఆ ఊపులోనే మిత్రులు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు: “డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, కులూలో ట్రౌట్ పట్టొచ్చా?”

పట్టకూడదండీ. హిమాచల్‌లో ట్రౌట్ ఉన్న నదుల్లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట నిషేధం.

చలి ఎక్కువని ఆపుతారనుకుంటారు చాలామంది. చలి మనకే గానీ ట్రౌట్‌కి కాదు! అసలిది మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్ళు గుడ్లను ఓడల్లో తెప్పించారు. 1900లో కాశ్మీర్‌లో నిలదొక్కుకుంది, 1909లో కులూ లోయకు చేరింది. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది చలి మొదలయ్యాకే. ఆడచేప తోకతో గులకరాళ్ళలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పేస్తుంది. నీళ్ళు 5 డిగ్రీల దగ్గరుంటే ఆ గుడ్లు పొదగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నదిలో దిగి నడిచేవాడి బూటు కింద ఎన్ని నలిగిపోతాయో వాడికే తెలియదు. ‘పట్టిన చేపను వదిలేస్తాను కదా’ అంటే సరిపోదన్నమాట.

గోదావరి వాడిగా ఈ మాట చెప్పడం నాకు కొంచెం ఇబ్బందే. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం. ఆ పులస వరద గోదావరికి ఎదురీదేది గుడ్లు పెట్టడానికే మరి! ఇక్కడ ఎమిరేట్స్‌లో మాత్రం షేరి, సాఫి చేపలు గుడ్లు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిని పట్టడమే కాదు, అమ్మడం కూడా నిషేధమే.

మరి అమెరికా మిత్రులు జనవరిలో ట్రౌట్ ఫొటోలు పంపుతారే అంటారా? డెన్వర్‌కి దగ్గర్లోని సౌత్ ప్లాట్, న్యూ మెక్సికోలో శాన్ వాన్ లాంటి నదులవి. పైన పెద్ద డ్యామ్ ఉంటుంది. రిజర్వాయర్ అడుగు నుంచి వదిలే నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉండవు కాబట్టి, డ్యామ్ దిగువన కొన్ని మైళ్ళ దాకా చేప మేస్తూనే ఉంటుంది. రాష్ట్రాన్ని బట్టి, నదిని బట్టి రూల్స్ వేరు, ముందు చూసుకోండి.

ఫ్లై ఫిషింగ్‌లో వానపాము ఎర ఉండదు. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులా తయారు చేస్తారు. దానికి బరువుండదు గనక బరువైన దారాన్నే కొరడాలా విసరాలి. చలికాలంలో నదిలో పుట్టే పురుగులు దోమంత ఉంటాయి, కాబట్టి కొక్కెం కూడా 20 నుంచి 24 సైజు (నంబరు పెరిగేకొద్దీ చిన్నది). చలికి చేప ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. లోతైన, నిదానమైన మడుగుల్లో అడుగునే ఉండి, నోటి ముందుకొచ్చిందే తింటుంది. అందుకే ఫ్లైని అడుగుదాకా దింపి, నీటి వేగానికే పోనివ్వాలి. తెల్లవారుజామునే లేవక్కర్లేదు, పదకొండు నుంచి మూడు దాకా మంచి సమయం. నాకు ఈ ఆటలో బాగా నచ్చిందిదే!

అక్కడ కూడా తోమిపెట్టినట్టు తెల్లగా మెరిసే గులకరాళ్ళ జాగా కనిపిస్తే పక్కనుంచి నడవండి, గుడ్లు ఉండేది అక్కడే. ఫొటో కోసం చేపను పైకెత్తొద్దు. గడ్డకట్టే గాలిలో దాని మొప్పలు క్షణాల్లో దెబ్బతింటాయి. నీళ్ళలో ఉంచే కొక్కెం తీసేయండి.

కులూ వెళ్ళాలనుకునేవాళ్ళు మార్చి తర్వాత టికెట్ చూసుకోండి. పర్మిట్ హిమాచల్ మత్స్యశాఖ ఇస్తుంది.