నలుగురు బాండ్లు... ఒకటే టీవీ!

సినిమా ఆడినన్నాళ్ళే దాని పేరు మీద బొమ్మలూ, స్టిక్కర్లూ అమ్ముడుపోతాయి. జేమ్స్ బాండ్ చిత్రం 'గోల్డెన్ ఐ' 1995 నవంబరులో విడుదలైతే, దాని పేరుతో తీసిన వీడియో గేమ్ తాపీగా 1997 ఆగస్టులో వచ్చింది! పియర్స్ బ్రాస్నన్ తర్వాతి చిత్రం 'టుమారో నెవర్ డైస్' రావడానికి అప్పటికి నాలుగు నెలలే ఉంది. చద్దన్నం కావలసిన ఆ ఆట ఎనభై లక్షల దాకా అమ్ముడైంది. కారణం? నన్నడిగితే, ఎవరూ చెయ్యమనకుండానే ఒకాయన చేసిన పని!

ఇంగ్లండులోని ట్వైక్రాస్ అనే పల్లెలో ఉన్న 'రేర్' సంస్థ దీన్ని తయారుచేసింది. దర్శకుడు మార్టిన్ హాలిస్ (ఆటలకీ దర్శకులుంటారండోయ్!). ఆయన జట్టులో చాలామంది కొత్తముఖాలే. అంతకుముందు ఒక్క గేమూ చేసినవాళ్ళు కారు. షూటింగు జరుగుతున్న లీవ్స్‌డెన్ స్టూడియోకి వెళ్ళి సెట్లన్నీ చూసొచ్చారు. ముందు గదులూ, మెట్లూ, నడవాలూ కట్టేసి, శత్రువులెక్కడ నిలబడాలో ఆ తర్వాత ఆలోచించారు. అందుకేనేమో, ఆ కట్టడాలు ఆట కోసం వేసిన సెట్లలా ఉండవు.

అదంతా ఒంటరి బాండ్ కోసం రాసుకున్న ఆట. విడుదలకి కొద్ది నెలలుందనగా స్టీవ్ ఎల్లిస్ అనే ప్రోగ్రామర్ కూర్చుని, దాన్ని నలుగురు కలిసి ఆడేలా మార్చేశాడు. పైవాళ్ళకి చెప్పనూ లేదు, అడగనూ లేదు. నింటెండో 64 యంత్రానికి నాలుగు కంట్రోలర్లు తగిలించుకునే వీలుండటం కలిసొచ్చింది. టీవీ తెర నాలుగు ముక్కలు, మనిషికో ముక్క. మీరు ఏ మూల నక్కినా పక్కవాడు మీ ముక్కలోకి ఓరగా చూసి ఆచూకీ పట్టేస్తాడు. ఇక తగువులకి కొదవా!

పోటీల పేర్లూ బాండ్ చిత్రాలవే. 'యు ఓన్లీ లివ్ ట్వైస్' అంటే రెండే ప్రాణాలు. 'లైసెన్స్ టు కిల్' అంటే ఒక్క దెబ్బకే సరి. 'గోల్డ్‌ఫింగర్' (1964)లో టోపీ విసిరి చంపే ఆడ్‌జాబ్ గుర్తున్నాడా? వెండితెర మీద హెరాల్డ్ సకాటా దిట్టమైన మనిషి. ఆటలో మాత్రం పొట్టివాడు! మామూలుగా గురిపెట్టి కాలిస్తే తూటా నెత్తిమీంచి పోతుంది. దాంతో 'ఆడ్‌జాబ్‌ని ఎవరూ తీసుకోకూడదు' అనే షరతు ఆడేవాళ్ళే పెట్టుకున్నారు.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆడేవాళ్ళు నలుగురు కదా, బాండ్లూ నలుగురుండాలని షాన్ కానరీ, రోజర్ మూర్, తిమోతీ డాల్టన్‌లని కూడా మొదట ఇందులో పెట్టారు. కానీ హక్కుల చిక్కు వచ్చింది. విడుదలకి ముందే ముగ్గురినీ తీసేసి, బ్రాస్నన్ ఒక్కడినే ఉంచారు. కానరీని మూర్ వెంటాడి కాలుస్తుంటే ఎలా ఉండేదో!

2023 జనవరిలో ఈ ఆట నింటెండో స్విచ్‌లో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉండి ఇంటర్నెట్‌లో ఆడొచ్చు. అయినా ప్రతివాడి తెర మీదా ఆ నాలుగు ముక్కలూ అలాగే కనబడతాయి. ఓరచూపులకి ఢోకా లేదు!