ఉక్కురేకును లొంగదీయు బలము

వంటయింట గ్యాసు బండను నిత్యము చూచువారు సైతము దాని నడుము చుట్టునుగల అతుకును గమనించుట అరుదు. దాని పుట్టుక ఎట్టిదో ఆ అతుకే చెప్పుచున్నది. 14.2 కిలోల గ్యాసును దాచుకొను ఆ బండ ఏకఖండము కాదు. లోతైన రెండు ఉక్కు గిన్నెలను అంచునకు అంచు చేర్చి వెల్డింగు చేయగా ఏర్పడినది. ఒక్కొక్క గిన్నెయు మొదట చదునైన గుండ్రని రేకు. సుత్తిదెబ్బ తగులకుండ, కొలిమి వేడి సోకకుండ, ఆ రేకును గిన్నెగా మలచునది హైడ్రాలిక్ ప్రెస్సు.

ఈ యంత్రమునకు మూలసూత్రమును 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ వివరించెను. మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కిన, ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమముగా ప్రాకును. ఒక చదరపు సెంటీమీటరు పిస్టనును 10 కిలోల బరువుతో నొక్కినచో, 100 చదరపు సెంటీమీటర్ల పిస్టను 1,000 కిలోల బరువును ఎత్తగలదు. అయితే ప్రకృతి దేనిని ఊరక ఈయదు. పెద్దది ఒక సెంటీమీటరు లేచుటకు చిన్నది నూరు సెంటీమీటర్లు దిగవలెను.

1795లో లండనులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రముపై నడచు ప్రెస్సునకు పేటెంటు పొందెను. 1849లో వేల్సులోని మెనై జలసంధిపై బ్రిటానియా వంతెనకై బ్రహ్మాండమైన ఇనుప గొట్టములను ఇట్టి ప్రెస్సులతోనే పైకెత్తిరి. ఎత్తుచుండగా ఒక ప్రెస్సు సిలిండరు పగిలినది. గొట్టము లేచినకొలది దాని క్రింద ఆధారము పేర్చుచు రావలెనని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ముందే ఆదేశించియుండుటచే, అది కొద్ది అంగుళములు మాత్రమే జారి నిలిచినది. బలము తప్పిననాడు ఏమగునో ముందే తలచుటయే ఆ గొట్టమును కాపాడినది.

నేటి ప్రెస్సులలో నీటి స్థానమున సాధారణముగా నూనె ఉండును. క్రింద అచ్చు, పైన ఉక్కు దిమ్మె, నడుమ రేకు అంచును అదిమిపట్టు వలయము. దిమ్మె దిగుచుండగా రేకు మెల్లమెల్లగా అచ్చులోనికి జారును. వలయము పట్టు సడలెనా, అంచున ముడుతలు పడును. మితిమీరి బిగిసెనా, జారుటకు వీలులేక రేకు చిరుగును. పనివాని నేర్పంతయు ఈ రెంటి నడుమనే కలదు. రేకు వ్యాసము గిన్నె వ్యాసమునకు ఇంచుమించు రెండు రెట్లకు మించినచో ఒక్క ఊపున పని కాదు, దఫదఫాలుగా లాగవలెను. లాగినకొలది ఉక్కు గట్టిపడి సాగుగుణమును కోల్పోవును. కావున అవసరమైనచోట దానిని కాచి మరల మెత్తబరతురు. చక్రము త్రిప్పుటచే నడచు యాంత్రిక ప్రెస్సునకు పూర్తిబలము పయనము చివరనే చిక్కును. హైడ్రాలిక్ ప్రెస్సునకు దారిపొడవునను చిక్కును. లోతైన పాత్రలకు ఇది తగియుండుటకు కారణమిదియే.

అయితే ఇంతటి బలమునకు రేకెయ్యదియో, చేయి ఎయ్యదియో తెలియదు. అందుచేతనే ప్రెస్సునకు రెండు మీటలు దూరదూరముగా అమర్చుదురు. రెండు చేతులును వానిపై నున్నపుడే దిమ్మె దిగును. యంత్రముల ప్రమాదకర భాగములకు కంచె ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనున విధించెను. కాని ముక్కకింత అని కూలి ముట్టుచోట, నిమిషము కలిసివచ్చునను ఆశతో ఒక మీటను కట్టివైచి ఒంటిచేత నడపు దురభ్యాసము లేకపోలేదు. ఆ తొందర కూలివానిది మాత్రమే కాదు. లెక్క అడుగు యజమానిది, చవుక కోరు కొనుగోలుదారుది కూడ.

చిరిగిన రేకును కరగించి మరల రేకుగా సాగదీయవచ్చును. పగిలిన సిలిండరును మరల పోతపోయవచ్చును. తెగిన వ్రేలికి అచ్చు ఏ కర్మాగారమునను లేదు.